గుండె ఆగి మళ్లీ కొట్టుకున్నాక కుటుంబం ఏం తేల్చుకోవాలి? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం, కొరాపుట్. ఈ ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆస్పత్రి కాగితాల్లో ఇంగ్లీషు. మామూలు రోజుల్లో ఈ మూడింటితో ఎలాగో నెట్టుకొచ్చేస్తాం. ఇంట్లో మనిషి గుండె ఆగి, డాక్టర్లు ఛాతీ నొక్కి మళ్లీ తెప్పించి, "ఇప్పుడేం చేయమంటారు?" అని అడిగినప్పుడు మాత్రం మూడు భాషలూ చేతికి రావు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఐసీయూలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాయగడలో ఉంటూ, ఎవరైనా పిలిస్తే వెళ్లి ఆ కుటుంబం పక్కన కూర్చుంటాను. కింద ఉన్నవి ఐసీయూ తలుపు ముందు జనం నన్ను నిజంగా అడిగిన ప్రశ్నలు. వైద్యం సంగతి మీ డాక్టరే చెప్పాలి. ఆయన్ని ఏం అడగాలో, ఆయన చెప్పింది ఎలా అర్థం చేసుకోవాలో మాత్రం ఇక్కడ రాశాను.

"గుండె మళ్లీ కొట్టుకుంటోంది" అన్నారు. గండం గడిచినట్టేనా?

ఇంకా లేదు. గుండె ఆగినంతసేపూ మెదడుకు రక్తం అందదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. మూత్రపిండాలకు, కాలేయానికి కూడా ఆ దెబ్బ తగులుతుంది. రక్తం తిరిగి అందాక కూడా బీపీ పడిపోవడం, జ్వరం రావడం, గుండె మళ్లీ ఆగడం జరగొచ్చు. అందుకే గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ పెడతారు, బీపీ నిలబెట్టే మందు ఎక్కిస్తారు, జ్వరం రాకుండా కాచుకుంటారు, ట్యూబును తట్టుకోవడానికి మత్తు ఇస్తారు. మొదటి రెండు మూడు రోజులు చాలా ప్రమాదకరం. గుండె తిరిగి కొట్టుకున్నవాళ్లలో చాలామంది ఇంటిదాకా రాలేకపోతారు. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. అయినా మొదటి గంటలోనే చెబుతాను. తెలియక మూడో రోజు కుప్పకూలిపోయిన కుటుంబాలను చాలా చూశాను.

గుండెపోటు, గుండె ఆగడం ఒకటి కాదా?

కాదు. గుండెపోటులో గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతుంది. మనిషి నొప్పితో ఉంటాడు, మాట్లాడతాడు. గుండె ఆగితే మనిషి పడిపోతాడు, ఊపిరి ఆగుతుంది, నాడి దొరకదు. గుండెపోటు వల్ల గుండె ఆగొచ్చు. పాముకాటు, కరెంటు షాక్, నీట మునగడం, రక్తంలో పొటాషియం పెరగడం, ఊపిరితిత్తుల జబ్బు వల్ల కూడా ఆగొచ్చు. "అసలు ఎందుకు ఆగింది?" అని డాక్టర్ని తప్పకుండా అడగండి. కారణం సరిచేయగలిగేదైతే ఆశ పెరుగుతుంది.

పక్కటెముకలు విరిగాయట. ఎవరైనా మొరటుగా చేశారా?

లేదు. సీపీఆర్‌లో, అంటే ఆగిన గుండెను తిరిగి తెప్పించే ప్రయత్నంలో, ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. పెద్దవాళ్లకు ఎముకలు విరగడం సాధారణం. మీ ఇంట్లోవాళ్లో, పక్కింటి కుర్రాడో నొక్కి ఉంటే, ఆ కుర్రాణ్ని ఒకసారి కూర్చోబెట్టి "నువ్వు చేసింది మంచి పనే బాబూ" అని చెప్పండి. ఎముక విరిగిన చప్పుడు వాడి చెవిలో ఉండిపోతుంది.

మూడు రోజులు చూడాలి అంటున్నారు. మూడు రోజులే ఎందుకు? ఏమీ చేయకుండా డబ్బులు లాగడానికా?

ఈ అనుమానం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. రోజుకో బిల్లు, రోజుకో కాగితం, లోపల ఏం జరుగుతోందో కనబడదు. కానీ ఈ 72 గంటల మాటకు గట్టి కారణం ఉంది. గుండె ఆగిన తర్వాత మెదడు ఎంత కోలుకుంటుందో మొదటి రోజు చెప్పడం సాధ్యం కాదు. మత్తుమందు ఒంట్లో ఉంటే మనిషి కదలడు. మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటే ఆ మందు బయటకు పోవడానికీ రోజులు పడుతుంది. తొందరపడి "ఇక లాభం లేదు" అంటే, మేలుకోగలిగిన మనిషిని వదులుకున్నట్టవుతుంది. అందుకే కనీసం 72 గంటలు ఆగి, మత్తు ప్రభావం పోయిందని తేలాక, ఒకటి కాదు అనేక పరీక్షలు కలిపి చూడమని ప్రపంచమంతటా వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఏం చూస్తారు? కంట్లో లైటు వేస్తే కంటిపాప చిన్నదవుతుందా, కంటి నల్లగుడ్డును దూదితో తాకితే రెప్ప కొట్టుకుంటుందా, నొప్పి కలిగిస్తే చేయి లాక్కుంటారా, తమంతట దగ్గుతారా. ఈఈజీ తీసి మెదడులో విద్యుత్తు ఎలా ఉందో చూస్తారు, సీటీ లేదా ఎంఆర్ఐ తీస్తారు. పెద్ద కేంద్రాల్లో ఇంకొన్ని రక్తపరీక్షలు, నరాల పరీక్షలు ఉంటాయి. జిల్లా ఆస్పత్రిలో ఇవన్నీ ఉండవు. ఉన్నవాటితోనైనా రెండుసార్లు చూసి చెప్పమని అడగొచ్చు.

మూడు రోజుల్లో తేలకపోతే? తేలకపోవచ్చు. వారం, పది రోజుల తర్వాత కళ్లు తెరిచినవాళ్లను నేను చూశాను. డాక్టరు "ఇంకా చెప్పలేం" అంటే ఆయన చేతకాక అన్నట్టు కాదు. నేను పనిచేసినన్నాళ్లూ, అలా ఒప్పుకున్న డాక్టర్ల మీదే నాకు నమ్మకం ఎక్కువ.

నాన్న వేలు కదిపారు, కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. ఆయనకు మేం వినబడుతున్నామా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ కూతురి చేయి పట్టుకునే జవాబు చెప్పాను. వేలు కదలడం, పెదవి వణకడం, ఆవులించడం, కన్నీరు కారడం చాలాసార్లు వెన్నుపాము, మెదడు అడుగుభాగం తమంతట చేసే పనులు. తెలివి ఉందనడానికి గుర్తు, చెప్పినమాట చేయడం. "చేయి నొక్కండి" అంటే నొక్కి, "వదలండి" అంటే వదిలితే, అలా రెండు మూడుసార్లు జరిగితే, వెంటనే నర్సుకు చెప్పండి. మీకు ఏం కనబడిందో, ఎన్ని గంటలకో రాసి పెట్టుకోండి. రోజంతా పక్కన కూర్చునే మీరు చూసింది డాక్టరుకూ పనికొస్తుంది.

మాట్లాడటం మాత్రం మానొద్దు. ఆయన భాషలో, ఇంట్లో పిలిచే పేరుతో పిలవండి. మత్తులో ఉన్నవాళ్లకు ఎంత వినబడుతుందో బయటినుంచి మనం కొలవలేం. అందుకే మంచం పక్కన ఆస్తి గొడవలు, బిల్లు లెక్కలు వద్దు.

డాక్టరు ఒడియాలో చెబుతారు, కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. సగం అర్థం కాదు. ఏం చేయాలి?

"నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, జబ్బు గురించి రోగికీ కుటుంబానికీ అర్థమయ్యే భాషలో చెప్పాలని ఉంది. సంతకం పెట్టేముందు ఎవరిచేతనైనా చదివించుకోండి.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఒడియా, తెలుగు రెండింటిలోనూ ఉండి అర్థం మారిపోయే మాటలు కొన్ని ఉన్నాయి. డాక్టరు "అవస్థా భలో నాహిఁ" అంటే "పరిస్థితి బాగోలేదు" అని అర్థం. మన పెద్దమ్మకు అందులో "అవస్థ" ఒక్కటే వినిపించి, మనిషి నొప్పితో అవస్థపడుతున్నాడని గుండెలు బాదుకుంటుంది. "చేష్టా కరుఛు" అంటే "ప్రయత్నిస్తున్నాం" అని. తెలుగులో చేష్ట అంటే వేరే. ఒకసారి ఇలాంటి మాట వల్లే, "మా అయ్యకి ఏటో చేస్తన్నారట" అని ఒక కుటుంబం గొడవకు దిగబోయింది.

ఒక పద్ధతి చెబుతాను. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఇద్దరు వెళ్లండి. ఒడియా బాగా వచ్చిన కుర్రాడో అమ్మాయో ఒకరు, ఇంటి పెద్ద ఒకరు. పెద్దవాళ్లు వినాలి, చిన్నవాళ్లు రాయాలి. చివర్లో మీకు అర్థమైంది మీ మాటల్లో తిరిగి చెప్పి "సరేనా?" అని అడగండి. పదో తరగతి పిల్లాడి చేత మాత్రం వాళ్ల నాన్న బతకడన్న మాట అనువాదం చేయించకండి. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన నర్సును పిలిపించమని అడగండి. మన వైపు చాలా ఆస్పత్రుల్లో అలాంటివాళ్లు ఉంటారు.

డాక్టర్ని ఏం అడగాలి? అప్పుడేమీ గుర్తురాదు.

గుర్తురాదు, అందుకే కాగితం మీద రాసుకుని వెళ్లండి. గుండె ఎంతసేపు ఆగింది? ఆగినప్పుడు ఎవరైనా చూశారా, ఛాతీ నొక్కడం ఎన్ని నిమిషాలకు మొదలైంది? కారణం ఏమిటి? మత్తుమందు ఇంకా నడుస్తోందా? మెదడు గురించి ఎప్పుడు చెప్పగలరు? బీపీ నిలబెట్టే మందు డోసు పెరుగుతోందా, తగ్గుతోందా? మూత్రం వస్తోందా? ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది: "బాగా జరిగితే ఈయన ఎలా ఉంటారు? బాగా జరగకపోతే ఎలా ఉంటారు?" బతుకుతారా లేదా అన్నదానితో ఆగిపోవద్దు. లేచి కూర్చోగలరా, మనల్ని గుర్తుపడతారా, తన నోటితో తినగలరా అని అడగండి.

ఎవరు తేల్చాలి? పెద్దకొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఫోన్లో "అన్నీ చేయండి" అంటున్నాడు.

పెద్దకొడుకే సంతకం పెట్టాలని చట్టం లేదు. భార్య ఉంది, కూతుళ్లున్నారు, రోజూ పక్కనుండి చూసుకున్న కోడలు ఉంది. ఆమెను ఎవరూ అడగరు, కానీ ఆమెకే ఎక్కువ తెలుసు. ఫోన్లో ఉన్న కొడుకును తప్పుపట్టకండి. దూరంగా ఉన్నవాడికి కళ్ల ముందు ఏమీ ఉండదు, నాన్నకు దూరంగా ఉండిపోయానన్న బాధ ఉంటుంది. అందుకే "అన్నీ చేయండి" అంటాడు. వీడియో కాల్ పెట్టి డాక్టరు మాట అతనికి నేరుగా వినిపించండి. మనం చెబితే మనమే వదిలేస్తున్నామని అనుకుంటాడు, డాక్టరు నోట వింటే అనుకోడు.

డాక్టరుతో మాట్లాడటానికి ఒక్క మనిషిని పెట్టుకోండి. నలుగురు నాలుగుసార్లు అడిగితే నాలుగు రకాలుగా వినబడుతుంది, ఆ తర్వాత ఇంట్లో గొడవ.

"మీరేమంటారు?" అని డాక్టరు అడుగుతున్నారు. మనిషి ప్రాణం గురించి మేమెలా చెబుతాం?

మా నాన్నగారి సంగతి చెబుతాను. తెల్లవారుజామున మూడింటికి గుండె ఆగింది, ఆస్పత్రిలో తెప్పించారు. వరండాలో నిలబెట్టి డాక్టరు "కంటిన్యూ చేయమంటారా?" అన్నారు. అన్నయ్య "చేయండి" అన్నాడు. నేనూ తలూపాను. అప్పటికే పదేళ్లుగా ఐసీయూలో పనిచేస్తున్నదాన్ని, అయినా నోట మాట రాలేదు. పదకొండు రోజులు నాన్న వెంటిలేటర్ మీద ఉన్నారు, ఒక్కసారి కూడా కళ్లు తెరవలేదు. అంతకు రెండేళ్ల ముందు మా నాయనమ్మ మంచం పట్టినప్పుడు నాన్న నాతోనే అన్నారు, "నన్నిలా ఉంచకమ్మా, నాలుగు గొట్టాలు పెట్టి" అని. ఆ మాట నాకు ఎనిమిదో రోజున గుర్తొచ్చింది.

అందుకే ఇప్పుడు ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను. డాక్టరు "మీరేమంటారు?" అన్నప్పుడు ఆ ప్రశ్నను లోపల మార్చుకోండి: "ఈ మాట వినగలిగితే ఆయనేమనేవారు?" అప్పుడు మీరు ఆయన ప్రాణం మీద తీర్పు చెప్పడం లేదు, మాట పడిపోయిన మనిషి తరపున ఆయన మాట చెబుతున్నారు. పక్కింటి తాత పోయినప్పుడు ఏమన్నారు? ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఏమన్నారు? పొలం, గుడి, మనవలు, వీటిలో దేని కోసం బతకాలనుకున్నారు? కొంతమంది "ఊపిరి ఉన్నంతవరకు పోరాడతాను" అనేవాళ్లుంటారు. అలాంటి మనిషైతే ఆ మాటే చెప్పండి, అదీ ఆయన కోరికే.

ఇదంతా వరండాలో నిలబడి తేల్చే పని కాదు. "పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకోవాలి, చోటు ఇప్పించండి" అని అడగండి. నిజంగా తొందర ఉందో లేదో కూడా అడగండి. చాలాసార్లు సాయంత్రం దాకా ఆగినా ఏమీ కాదు.

మధ్యదారి ఏదైనా ఉందా? అన్నీ చేయడం, అన్నీ ఆపడం, ఈ రెండేనా?

ఉంది, చాలామందికి అదే సరిపోతుంది. "అయిదు రోజులు పూర్తిగా వైద్యం చేద్దాం. అప్పటికి మెదడు పరీక్షలు ఎలా ఉంటాయో చూసి మళ్లీ కూర్చుందాం" అని డాక్టరుతో తేదీ పెట్టుకోవడం. ఆ తేదీ వచ్చేసరికి ఊళ్లనుంచి రావాల్సినవాళ్లు వస్తారు, చూడాల్సినవాళ్లు చూస్తారు, మనసూ కొంత కుదుటపడుతుంది.

మళ్లీ గుండె ఆగితే నొక్కవద్దని సంతకం అడుగుతున్నారు. పెడితే వైద్యం ఆపేస్తారా?

ఆపకూడదు. సీపీఆర్ ప్రయత్నించవద్దన్న నిర్ణయం గురించి భారత వైద్య పరిశోధన మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ నిర్ణయం ఛాతీ నొక్కడం, షాక్ ఇవ్వడం లాంటి పునరుజ్జీవన ప్రయత్నానికి మాత్రమే వర్తిస్తుంది. మిగతా మందులు, నొప్పి తగ్గించడం, శుభ్రం చేయడం, తిండి, అన్నీ నడవాలి. రోగి పరిస్థితి మెరుగైతే ఆ నిర్ణయాన్ని మార్చుకోవచ్చు. సంతకం పెట్టేముందు "ఇది దేనికి మాత్రమే? మిగతావి ఆగవు కదా?" అని నోటితో చెప్పించుకోండి.

వెంటిలేటర్ తీసేయడం చట్టానికి వ్యతిరేకం కాదా? పోలీసు కేసు అవుతుందేమో?

సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గౌరవంగా చనిపోయే హక్కును గుర్తించింది. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార వైద్యాన్ని ఆపడానికి ఒక పద్ధతి పెట్టింది. ఆ పద్ధతి చాలా కష్టంగా ఉందని 2023 జనవరి 24న కొంత తేలిక చేసింది. ఇప్పుడు ఆస్పత్రి ఒక వైద్యబృందాన్ని వేయాలి. అందులో చూస్తున్న డాక్టరు, కనీసం అయిదేళ్ల అనుభవం ఉన్న మరో ఇద్దరు నిపుణులు ఉంటారు. వాళ్లు ఒప్పుకుంటే, జిల్లా ముఖ్య వైద్యాధికారి సూచించిన డాక్టరుతో కలిపి ముగ్గురున్న రెండో బృందం చూస్తుంది. ఒక్కో బృందం వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రోగి ముందుగా ఏమీ రాసిపెట్టకపోతే దగ్గరి బంధువుల సమ్మతి కావాలి. అమలుచేసే ముందు ఆస్పత్రి మెజిస్ట్రేటుకు తెలియజేస్తుంది. కుటుంబం కోర్టు చుట్టూ తిరగాల్సిన పని లేదు. బృందం కాదంటే హైకోర్టుకు వెళ్లొచ్చు.

మన జిల్లాల్లో చాలా ఆస్పత్రులకు ఈ పద్ధతి కొత్త. "ఇక్కడ అలాంటివి చేయం" అనొచ్చు. అప్పుడు సూపరింటెండెంటుకు మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. ఇంకో మాట: ఈ పద్ధతిలో వైద్యం ఆపితే జబ్బే మనిషిని తీసుకెళుతుంది. విషపు సూది ఇచ్చి చంపడం వేరు, అది మన దేశంలో నేరం.

అంత తతంగం ఎందుకు, ఇంటికి తీసుకుపోతాం అంటే?

చాలా కుటుంబాలు ఇదే చేస్తాయి. డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళుతున్నామని సంతకం పెడతారు. ఒకరు ఊపిరి అందించే గాలి సంచి నొక్కుతూ కూర్చుంటారు, ఇంటి గుమ్మం దాటాక ట్యూబు తీస్తారు. సొంత ఇంట్లో, తులసికోట దగ్గర పోవాలన్న కోరికను నేను తప్పుపట్టను. కానీ ఆ సంతకంతో చాలాసార్లు మందు కూడా ఆగిపోతుంది. ట్యూబు తీశాక ఊపిరి అందక మనిషి ఎగశ్వాస పడితే, చూసినవాళ్లు జీవితమంతా మరచిపోలేరు. ఇంటికి తీసుకెళ్లాలనుకుంటే డాక్టరుతో "మేం కోపంతో వెళ్లడం లేదు, ఆఖరి గంటలు బాధలేకుండా గడవాలి" అని చెప్పండి. ఆయాసం తగ్గే మందు, నొప్పి మందు ఏవి, ఎలా ఇవ్వాలి, ఇంటి దగ్గర ఏ నర్సును పిలవాలి అన్నవి రాయించుకోండి. బాధ తగ్గించే వైద్యం కూడా వైద్యమే.

విశాఖకు తీసుకెళ్లమంటారా?

రాయగడనుంచి విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. కొరాపుట్ వైపునుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా రావాలి. గుండె ఇప్పుడే తిరిగి కొట్టుకున్న మనిషికి ఆ మలుపులు చిన్న సంగతి కాదు. వెళ్లేది దేనికి? అక్కడ యాంజియోగ్రామ్ చేసి మూసుకుపోయిన నాళం తెరవగలిగితే, ఇక్కడ ఆ సదుపాయం లేకపోతే, వెళ్లడంలో అర్థం ఉంది. "పెద్దాసుపత్రికి తీసుకెళ్లామన్న తృప్తి" కోసమైతే దారిలోనే పోయే ప్రమాదం గురించి ముందు అడగండి.

వెళ్లాలని తేలితే, బయల్దేరే ముందే అక్కడ ఐసీయూ మంచం ఖాళీ ఉందని ఫోన్లో తేల్చుకోండి. అంబులెన్సులో వెంటిలేటర్, మానిటర్, చాలినంత ఆక్సిజన్, వాటిని నడపగలిగే మనిషి ఉండాలి. ఈసీజీ, రక్తపరీక్షల కాగితాలు, ఇచ్చిన మందుల జాబితా చేతిలో ఉండాలి. బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి, విశాఖ కేజీహెచ్‌లలో మీ ఊరికి ఏది దగ్గరో, ఏది ఈ జబ్బుకు పనికొస్తుందో డాక్టర్నే అడగండి. రాష్ట్రం గీత చూసి ఆగవద్దు. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి ముందు వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది.

ఆరోగ్య కార్డు ఎక్కడ పనిచేస్తుంది?

ఒడిశాలో 2025 ఏప్రిల్‌నుంచి ఆయుష్మాన్ భారత్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంట్లో ఆడవాళ్లకు అదనంగా మరో 5 లక్షలు. ఈ పథకంలో చేరిన ఆస్పత్రుల్లో, వేరే రాష్ట్రంలో అయినా వాడుకోవచ్చు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ్ వందన కార్డు ఉంది. ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవ మాత్రం ఆ రాష్ట్రం కుటుంబాలకే. తమ్ముడు పార్వతీపురంలో ఉన్నాడని అన్నకు అది రాదు. విశాఖ ఆస్పత్రిలో దిగగానే కౌంటర్లో "ఒడిశా కార్డు తీసుకుంటారా?" అని మొదట అడగండి, చేర్చాక కాదు.

డబ్బు అయిపోతోందని డాక్టరుతో చెప్పడం సిగ్గుపడే విషయం కాదు. పొలం తాకట్టు పెట్టేముందు "దీనివల్ల ఈయన మేలుకునే అవకాశం ఎంత?" అని అడిగే హక్కు మీకుంది.

మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నాం. తీర్థం నోట్లో పోయొచ్చా?

పోయకండి. గొంతులో ట్యూబు ఉన్న మనిషికి చెంచాడు నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. తడిపిన దూదితో పెదవులకు అద్దొచ్చేమో నర్సును అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. నుదుట కుంకుమ, చేతికి దారం అభ్యంతరం లేకపోతే పెట్టుకోండి. సవర, కుయి గిరిజన కుటుంబాలు తమ పూజారిని తెచ్చుకుంటామని అడిగినప్పుడు, బయట నిలబడి ప్రార్థన చేసుకోవడానికి మేం ఏర్పాటు చేసేవాళ్లం. అడిగితే దొరుకుతుంది.

"బ్రెయిన్ డెడ్" అన్నారు. కోమా కదా?

కోమా కాదు. కోమాలో మెదడు బతికే ఉంటుంది. బ్రెయిన్ డెడ్ అంటే మెదడు మొత్తం ఆగిపోయింది, ఊపిరి తీయించే భాగం కూడా. చట్టం ప్రకారం అది మరణమే. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. ఛాతీ కదులుతున్నట్టు కనబడుతుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది, అదంతా యంత్రం వల్ల. ఇంత వెచ్చగా ఉన్న చేతిని "పోయారు" అని నమ్మడం ఎంత కష్టమో నాకు తెలుసు. పరీక్ష చేసేటప్పుడు ఒకరు దగ్గరుండి చూస్తామని అడగొచ్చు. చూసినవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

అవయవదానం గురించి అడిగితే కోప్పడకండి. అది అడగాలని చట్టమే చెబుతోంది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం కుటుంబం ఇష్టం. ఒప్పుకుంటే ఆ ఖర్చు మీ మీద పడదు.

పిల్లలకు చెప్పాలా?

చెప్పాలి, చిన్న మాటల్లో. "తాతయ్య నిద్రపోతున్నారు" అనొద్దు, తర్వాత నిద్రపోవాలంటే భయపడతారు. "తాతయ్య గుండె ఆగింది, డాక్టర్లు ప్రయత్నిస్తున్నారు, లేస్తారో లేదో తెలియదు" అంటే వాళ్లు తట్టుకోగలరు.

మేలుకున్నారు! ఇక మామూలుగా ఉంటారా?

ఈ సంతోషం మీకు దక్కినందుకు నా కళ్లలోనూ నీళ్లొస్తాయి. మొదటి వారాల్లో మతిమరుపు, అడిగిందే అడగడం, చిరాకు, రాత్రుళ్లు భయం, కాళ్లలో బలం లేకపోవడం సాధారణం. కొంతమందికి నెలల్లో తగ్గుతాయి, కొన్ని ఉండిపోతాయి. గుండె మళ్లీ ఆగకుండా లోపల పెట్టే చిన్న యంత్రం అవసరమా అని డాక్టర్ని అడగండి. ఆస్పత్రి కాగితాలన్నీ తీసుకోండి. రోగి ఆస్పత్రిలో ఉండగా అడిగితే 24 గంటల్లో, డిశ్చార్జి తర్వాత అడిగితే 72 గంటల్లో నకళ్లు ఇవ్వాలని రోగుల హక్కుల పత్రం చెబుతోంది. ఇన్నాళ్లూ చూసుకున్న మనిషికీ విశ్రాంతి కావాలి, ఆమెకు ఒకరోజు సెలవివ్వండి.

ఇంట్లో అందరూ బాగున్నప్పుడే ఏదైనా రాసి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా ముందస్తు వైద్య సూచన రాసుకోవచ్చు. ఎలాంటి పరిస్థితిలో ఏ వైద్యం వద్దో, తన తరపున ఎవరు మాట్లాడాలో స్పష్టంగా రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరించుకోవాలి. 2023కు ముందు మెజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది, ఇప్పుడు అక్కర్లేదు. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒక కాపీ మీ పేరు మీద మాట్లాడేవాళ్ల దగ్గర, ఒకటి మీ డాక్టరు దగ్గర ఉంచండి.

కాగితం రాయకపోయినా సరే, ఒక రాత్రి భోజనాలయ్యాక మీ నాన్నను అడగండి. "నాన్నా, నీకు ఒంట్లో బాగోక మాట రాకపోతే మేమేం చేయాలి?" మొదట కసురుకుంటారు. మా మామయ్యగారూ అలాగే కసిరారు. అరగంట తర్వాత మా ఆయన్ని పిలిచి, ఏం చేయాలో, ఏం చేయకూడదో, ఎవరికి కబురు పెట్టాలో వరసగా చెప్పారు.